దిష్టికాయకి కొక్కెం

నాకు ముక్కు మీద కోపమని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు వార్డు సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి నా కొట్టు ముందు నిలబడి, మెడ పైకెత్తి, మా బోర్డుని ఫోన్‌లో ఫొటో తీస్తుంటే, చుట్టుపక్కల కొట్లవాళ్లందరూ చేతిలో పని ఆపేసి నా వైపు తిరిగారు. పాపం అంత ఆశగా చూస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

"ఏటమ్మా, ఫొటో తీత్తన్నావు? బోర్డు గానీ కొనుక్కుంతావేటి?" అన్నాను.

ఆ పిల్ల ఏమీ బెదరలేదు. "మీ ఒక్కరిదే కాదాంటీ, వీధంతా చూస్తన్నాం. తుప్పు పట్టిన బోర్డులు, విరిగిపోయినవి, వేలాడతన్నవి బాగు చేయించుకోవాలి, లేదంటే తీసేయాలి. కింద నడిచే మనిషి నెత్తి మీద పడితే ఎవరు పూచీ?" అంది.

"మా బోర్డు పెద్ద తుపానుకే పడ్నేదు. నువ్వు ఫొటో తీత్తే పడతాదేటి?"

"తుపానుకి పడలేదు కాబట్టి ఇప్పుడు పడొచ్చు," అంది నవ్వుతూ. నాకు ఒళ్లు మండింది కానీ, మాటకి మాట చెప్పే మనుషులంటే నాకు లోపల ఇష్టమే. లోపలికి రమ్మని స్టూలు వేశాను.

మాది వన్ టౌన్‌లో ఒక ఇరుకు వీధి. ఆటో వస్తే స్కూటర్ ఆగాలి, స్కూటర్ వస్తే మనిషి గోడకి అంటుకోవాలి. నా కొట్లో గుండీలు, హుక్కులు, జిప్పులు, లేసులు, దారం రీళ్లు దొరుకుతాయి. పక్క కొట్టు భాయ్‌ది. ఆయన కుట్టుమిషన్లు రిపేరు చేస్తారు. నేనాయన్ని అన్నయ్యా అంటాను, ఆయన నన్ను సెల్లెమ్మా అంటారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసి వచ్చి ఇంట్లో నిద్రపోయే మా ఆయన మాత్రం ఆయన్ని బావా అంటాడు. ఎవరూ కూర్చుని కుదర్చకుండానే ఆ వరసలు కుదిరిపోయాయి.

రెండు కొట్లకీ కలిపి ఒకటే బోర్డు. మా మామగారూ, భాయ్ వాళ్ల నాన్నగారూ కలిసి వేయించిన పొడుగాటి రేకు బోర్డు అది. ఎడమ సగం మాది, కుడి సగం వాళ్లది, నడిమధ్యలో పెద్ద కత్తెర బొమ్మ. కత్తెర నోరు మా వైపు, వేళ్లు దూర్చే రింగులు వాళ్ల వైపు. "పదునంతా మీ వైపే ఎట్టించాడు మీ మావ. కోడలు ఎలగుంటాదో ముందే తెలిసినట్టుంది," అని భాయ్ కొత్త గిరాకీ ఎవరొచ్చినా చెప్తారు. నేను వినీ వినీ విసిగిపోయి ఇప్పుడు నవ్వడం కూడా మానేశాను.

ఇక ఆ బోర్డుకి తుప్పు సంగతి. పోర్టు పక్క ఊళ్లో ఇనుముకి తుప్పు పట్టిందంటే దానికి పంచాయితీ ఏముంటుంది? మా ఇంట్లో గేటుకి తుప్పు, కిటికీ ఊచలకి తుప్పు, చివరికి నా కొట్లో పెట్టె తెరవని హుక్కులకి కూడా తుప్పు. ఉప్పు గాలి ఎవరినీ వదలదు. ఆ మాటే సచివాలయం అమ్మాయికి చెప్పాను. ఆమె విని, బయటికి తీసుకెళ్లి, వేలు పైకెత్తి చూపించింది.

"మిగతా చోట్ల ఉప్పు గాలే ఆంటీ. ఆ మధ్యలో కన్నం మాత్రం ఉప్పు గాలిది కాదు. మీ గుమ్మడికాయది."

అక్కడ కొంచెం ఆగి, మా గుమ్మడికాయ గురించి చెప్పాలి.

అమావాస్యకి కొట్టుకి దిష్టికాయ కట్టడం మా అత్తగారి నుంచి నాకొచ్చిన పని. బూడిద గుమ్మడికాయకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, తాడు ఉట్టిలో కూర్చోబెట్టి, బోర్డు మధ్యలో ఉన్న ఇనప పట్టీకి వేలాడదీయాలి. రెండు కొట్లకీ ఒకటే బోర్డు కాబట్టి ఒకటే కాయ. పద్ధతి వచ్చింది కానీ, ఆ పట్టీ అందే ఎత్తు మా అత్తగారికీ లేదు, నాకూ లేదు. స్టూలు వేసుకుందామంటే కొట్టు ముందు కాలువ పలక ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒకసారి స్టూలెక్కి, కాయతో సహా కింద పడబోయాను. భాయ్ పరుగెత్తుకొచ్చి ముందు కాయని పట్టుకున్నారు, తర్వాత నన్ను. ఆ రోజు నుంచీ కాయ కట్టే పని ఆయనదే అయింది. నిలువెత్తు మనిషి, మునివేళ్ల మీద లేవకుండానే పట్టీ అందుతుంది.

"మీ అమ్మోరికి సెప్పు సెల్లెమ్మా, కట్టింది నానని. పున్నెంలో నా వాటా నాకు రాయమను," అనేవారు ముడి బిగిస్తూ.

"రంజాన్ నెల్లో సాయంత్రాలు మీ కొట్టు సూసేది ఎవులు? ఆ వాటా నాకు రాయించండి ముందు," అనేదాన్ని.

"నువ్వు సూసుకోడమా? ఆ నెల్లాళ్లూ నీ నోటికి జడిసి నా గిరాకీ సగం పారిపోతాది!"

ఇలా ఉండేది మా వ్యవహారం. అయితే దిష్టికాయలో ఒక కిటుకుంది. కాయ తొందరగా కుళ్లిందంటే అది దిష్టిని బాగా లాగినట్టు. లాగిందంటే మన కొట్టు మీద ఊరందరి కళ్లూ పడుతున్నట్టు. మా వీధిలో అదొక గొప్ప. ఎదురు కొట్టు చెప్పులాయన కాయ నెలలైనా రాయిలా ఉండేది. పాపం ఆయన వైపు ఎవరూ కన్నెత్తి చూడరన్నమాట. మా కాయ మాత్రం పక్షం తిరక్కుండానే మెత్తబడి, నీరు కారేది. నేను ఆ నీటిని తుడవకపోగా, వచ్చినవాళ్లకి చూపించేదాన్ని. "సూడండి, ఎన్ని ఏడుపులో మా మీద!" అని. భాయ్ కూడా బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈసారి మరీ ఎక్కువున్నాది," అని తృప్తిగా చూసేవారు. ఇద్దరం కలిసి సొంత బోర్డుని ఇన్నేళ్లపాటు గుమ్మడికాయ నీళ్లతో అభిషేకం చేశామని ఆ పిల్ల చెప్పేదాకా మాకు తట్టలేదు.

భాయ్ కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని కన్నాన్ని చూశారు. కత్తెరకి నట్టనడుమ, రేకు జల్లెడలా ఉంది. ఆ కన్నంలోంచి వెనక గోడ కనబడుతోంది. ఆయన చూసి చూసి ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టారు. ఆయన నవ్వితే వీధి చివరిదాకా వినబడుతుంది. నాకూ ఆగలేదు. చెప్పులాయన అయితే మరీ సంబరపడిపోయాడు.

ఆ అమ్మాయి మాత్రం నిమ్మళంగా నియమాలు చెప్పింది. పాతది దించేయాలి. కొత్తగా పెట్టుకుంటే ఎవరి కొట్టు వెడల్పులో వాళ్ల బోర్డు. గోడకి గట్టిగా బిగించాలి. బోర్డుకి కాయలూ తోరణాలూ ఏవీ వేలాడదీయకూడదు. కొట్టు ఎత్తేసినవాళ్లు బోర్డు కూడా తీసేయాలి. చెప్పి, నోటీసు చేతిలో పెట్టి, టీ తాగి వెళ్లింది. ఆ చివరి మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు. భాయ్ విన్నట్టున్నారు.

మర్నాడే బోర్డు దించారు. దాని వెనక గోడ మీద పాత నీలం రంగు, ఎండ తగలక, నిన్న వేసినట్టే ఉంది. బోర్డులాయన టేపు పట్టుకుని కొలతలకి వచ్చాడు. ఇప్పుడెవరు రేకు మీద బ్రష్షుతో రాస్తున్నారు, అంతా షీట్లూ, వెలిగే అక్షరాలూ. ఇద్దరికీ రెండు బోర్డులు చేసేస్తానన్నాడు కానీ, కత్తెర ఒకటే కదా, ఎవరి బోర్డు మీద వెయ్యమంటారని అడిగాడు.

నేను నడుం బిగించాను. కత్తెర నాకే రావాలని గట్టిగా వాదించడానికి రాత్రే మాటలు సిద్ధం చేసుకున్నాను. గుడ్డ కత్తిరించాకే కదా గుండీ కుట్టేది, మిషన్ రిపేరుకి కత్తెరతో ఏం పని అని. నేను నోరు తెరిచేలోపే భాయ్, "కత్తెర సెల్లెమ్మకే ఏసీండి," అనేశారు.

గెలిచేశానని తెగ మురిసిపోయాను. గొడవ పడకుండా ఆయన ఏదైనా ఒప్పుకోవడం అదే మొదటిసారని అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

"మరి మీ బోర్డు మీద ఏం వెయ్యాలి భాయ్?" అని బోర్డులాయన అడిగితే, "నాది తరవాత సూద్దాం," అన్నారు.

నా బోర్డు తయారయ్యేదాకా ఒక ఫ్లెక్సు గుడ్డ కట్టించుకున్నాను. ఆయన కొట్టు నెత్తి మీద ఏమీ లేదు. రోజులు గడుస్తున్నా లేదు. నేను ఊరుకునే రకం కాదు కదా, రోజూ పొడిచేదాన్ని. "ఏటన్నయ్యా, పిసినారితనం ఎప్పట్నించి?" అనేదాన్ని. నవ్వి ఊరుకునేవారు. ఇంతలో మిషన్ పట్టుకొచ్చినవాళ్లు బోర్డు కనబడక నా దగ్గర ఆగడం మొదలెట్టారు. "భాయ్ కొట్టు మూసీసారేటండీ?" అని. "మూయడమేటి, ఎదురుగా కొండలాగ కూసున్నారు, కనబడ్డం లేదేటి?" అని కసిరేదాన్ని. మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా, నెత్తి మీద బోర్డు లేకపోతే జనానికి కొట్టు కనబడదు. అదేం చూపో.

ఒకరోజు అలా కసిరి పంపించాక భాయ్ నెమ్మదిగా అన్నారు. "ఆళ్లని తిట్టకు సెల్లెమ్మా. ఆళ్లు కొంచెం ముందుగా అడుగుతున్నారు, అంతే."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పారు. కూతురు ఆనందపురంలో హైవే పక్కన ఇల్లు కట్టుకుంది. కింద రెండు గదులున్నాయి, వచ్చేయమంటోంది. మిషన్ రిపేర్లు ఎలాగూ తగ్గిపోయాయి. పాడైతే పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు. ఎల్దామా వద్దా అని ఆయన చాన్నాళ్లుగా అనుకుంటున్నారట. నోటీసు రాకపోతే ఇంకో రెండేళ్లు అలాగే అనుకుంటూ గడిపేసేవారట.

"ఇప్పుడు కొత్త బోర్డు ఏసీసి, నాలుగు నెల్లకి పీకీసుకుని ఎల్తే జనం నవ్వరేటి? ఉంటే ఉన్నట్టు, ఎల్తే ఎల్లినట్టు ఉండాల కదా."

నా నోరు పడిపోయింది. నిజంగానే. వీధిలో ఎవరైనా చూసి ఉంటే పండగ చేసుకునేవారు. నాకు భయం వేసింది, అంతే. రేపు పొద్దున్న కొట్టు తెరిచి, పక్కకి చూస్తే షట్టరు దించి ఉంటే ఎలా ఉంటుందో కళ్లకి కట్టింది. పుట్టింట్లో నా తోడబుట్టినవాళ్లతో కూడా నేను ఈ మనిషితో గడిపినంత కాలం గడపలేదు.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. షిఫ్టు నుంచి అప్పుడే వచ్చి అన్నం తింటున్నాడు. "ఎల్లనీ మరి. బావ ఇట్టం బావది. కూతురి దగ్గర సుకంగా ఉంతాడు," అన్నాడు.

"మీకేటి, మీ ప్లాంటులో మీ పక్కనోడు ఎవులైనా ఒకటే!" అని విరుచుకుపడ్డాను. అతను ముద్ద నోటి దగ్గరే ఆపి, నేనేమన్నానే అన్నట్టు చూశాడు. అతననలేదు నిజమే. కానీ ఆ పూట ఎవరో ఒకరు దొరకాలి కదా.

తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. భాయ్‌తో మాట్లాడ్డం మానేశాను. మేమిద్దరం రోజూ వన్ బై టూ టీ తాగేవాళ్లం, బండి దగ్గర్నుంచి తెప్పించుకుని. నేను పంతానికి నా ఒక్కదానికే నిండు గ్లాసు చెప్పాను. సగం గ్లాసుకి అలవాటు పడ్డ కడుపులో రెండో రోజుకే మంట పుట్టింది. ఆయన కొట్లో ఆయనా నిండు గ్లాసే తాగుతున్నారు, నా వైపు చూడకుండా. ఇద్దరం కలిసి టీ బండివాడిని మాత్రం బాగుచేశాం.

అమావాస్య వచ్చింది. మాట్లాడుకోకపోయినా అమావాస్య ఆగదు కదా. కురుపాం మార్కెట్‌కెళ్లి కాయ తెచ్చి, పసుపు పూసి, బొట్లు పెట్టి, ఉట్టిలో పెట్టుకుని గల్లా బల్ల మీద కూర్చోబెట్టాను. ఇక ఏం చేయాలో తోచలేదు. బోర్డుకి కట్టకూడదన్నారు. అసలు బోర్డే లేదు. కట్టే మనిషితో మాటల్లేవు. కాయ నన్నూ, నేను కాయనీ చూసుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు భాయ్ వచ్చారు. ఒక చేతిలో డ్రిల్లింగ్ మిషన్, ఇంకో చేతిలో ఇనప కొక్కెం.

"బోర్డుకి కట్టకూడదన్నారు గానీ, గోడకి కట్టకూడదన్నేదు కదా. సచివాలయంకెల్లి, నోటీసిచ్చిన ఆ గుంటని అడిగీసొచ్చాను. రెండు కొట్ల మధ్య గోడకైతే పర్లేదంది," అన్నారు, అసలు మా మధ్య ఏమీ జరగనట్టు.

మాట్లాడకూడదనుకున్నదాన్ని, సంబరం ఆపుకోలేక, "తుప్పు పట్టనిదే తెచ్చారా?" అన్నాను.

"స్టెయిన్‌లెస్ స్టీలు. మీ ఆయన ప్లాంటు ఇనుము కాదు."

డ్రిల్లు గుర్రుమంది. పాత సున్నం బొడబొడా రాలింది. కొక్కెం బిగించి, దుమ్ము ఊదేసి, పక్కకి జరిగారు. "రా, కట్టు," అన్నారు.

"నేనా?"

"కట్టి సూడు."

కాయ పట్టుకుని వెళ్లాను. చేతులెత్తాను. అందింది. స్టూలు లేదు, మునివేళ్ల మీద లేవడం లేదు. సరిగ్గా నా చేతుల పొడుగుకి కొలిచినట్టే ఉంది. మొదట ముచ్చటేసింది. ఇన్నేళ్లలో దిష్టికాయ నా చేత్తో నేను కట్టడం అదే మొదలు. ముడి వేస్తున్నాను, వెనకనుంచి ఆయన అంటున్నారు, "ఇంక నీకు ఎవుల్నీ పిలవక్కర్నేదు. నీ అంతట నువ్వే కట్టుకోవచ్చు."

ముడి మీద నా వేళ్లు ఆగిపోయాయి. ఈ మనిషి ఎప్పుడు చూసి కొలుచుకున్నాడో నా ఎత్తు. వెళ్లిపోవడానికి ముందు చక్కబెట్టుకోవాల్సిన పనుల్లో నా గుమ్మడికాయ కూడా ఉందన్నమాట.

నేనింకా వెనక్కి తిరగలేదు. ఆయన నా పక్కకొచ్చి, కాయ కింద పెట్టిన సామాను తీసుకుందామని వంగి, లేచి, గిరుక్కున తిరిగారు. ఆ వెంటనే టప్‌మని చప్పుడు. నాకందే ఎత్తులో వేలాడే కాయ ఆయన నుదుటికి సరిగ్గా తగిలింది. "అరె, మర్ గయా!" అన్నారు. చూద్దును కదా, నుదుటి మీద పసుపు, దాని మధ్యలో కుంకుమ బొట్టు. అమ్మవారి గుళ్లోంచి ఇప్పుడే వచ్చినట్టున్నారు. చెప్పులాయన ఎదురుగుండా పడీ పడీ నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్లనీళ్లూ వచ్చాయి, అప్పుడిక నా నోరు ఆగలేదు.

"పీకండి ఆ కొక్కెం! ఇంత కిందా కొడతారేటి ఎవులైనా? వచ్చే పోయే వాళ్లందరి బుర్రలకీ తగుల్తాది. మళ్లీ నోటీసొత్తాది. పీకి పైన కొట్టండి, మీకందే చోట!"

"పైన కొడితే నీకందదు కదే."

"నాకందే చోట నాకొద్దు!"

"నాను ఎల్లిపోతే?"

"ఎల్లిపోతే కాయ కట్టడం మానీసి కూసుంతాను. దిష్టి తగిలి కొట్టు మూతపడిపోతాది. ఆ పాపం మీదే." ఇంకా చాలా అందామనుకున్నాను. "ఎల్లొద్దన్నయ్యా," అన్నాను చివరికి. నా నోటి వెంట అంత చిన్న మాట రావడం నాకే కొత్తగా ఉంది.

చెప్పులాయన నవ్వు ఆపేశాడు. భాయ్ జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. పసుపు పోలేదు, ఇంకా పాకింది. తర్వాత నా ముడి విప్పి, కాయ నా చేతికిచ్చి, కొక్కెం తిప్పి తిప్పి బయటికి లాగారు. చేయి బాగా పైకెత్తి, తనకందే చోట, మళ్లీ డ్రిల్లు పెట్టారు. ఆ సున్నమంతా నా నెత్తి మీద పడింది. నేను కదల్లేదు. కొక్కెం బిగిశాక కాయ అందుకుని, ఉట్టి తగిలించి, ఎప్పట్లాగే రెండు ముళ్లు వేశారు.

"సెల్లెమ్మా," అన్నారు, నా వైపు తిరగకుండానే. "ఆ బోర్డులాయనికి ఫోన్ సెయ్యి. కత్తెర నా బోర్డు మీద ఏయమను. నోరున్నాది కదా, నీకెందుకింక కత్తెర?"

తర్వాత సచివాలయం అమ్మాయి బోర్డులు చూసుకోవడానికి వచ్చింది. రెండు కొత్త బోర్డులు, కుడి దాని మీద కత్తెర, మధ్య గోడకి ఎత్తుగా గుమ్మడికాయ, అప్పుడే మెత్తబడుతూ. అన్నీ బాగున్నాయంది. వెళ్లబోతూ గోడ వైపు చూసి ఆగింది. "ఆంటీ, కింద ఈ కన్నమేంటి? పూడ్చుకోలేదేం?"



"కొలత తప్పాను లేమ్మా," అన్నారు భాయ్, మిషన్ మీంచి తలెత్తకుండా.